వానొస్తే వెనక గదిలో నీళ్ళు, పైనున్న బావగారేమో మాకేం సంబంధం అంటున్నారు

నెల్లూరులో సర్వేపల్లి కాలవకి దగ్గర్లో ఉండే ఒకావిడ పెద్ద ఉత్తరం రాశారు, పేరు వెయ్యొద్దన్నారు. మామగారు 1994లో ఇరవై అంకణాల స్థలంలో కట్టిన మిద్దిల్లు. ఆయన పోయాక అన్నదమ్ములు పారిఖత్తు (ఆస్తి పంపకాల పత్రం) రాసుకున్నారు, కింద పోర్షన్ వీళ్ళకి, పై పోర్షన్ బావగారికి, అత్తగారు కింద వీళ్ళ దగ్గరే ఉంటారు. 2019లో వీధిలో సీసీ రోడ్డు వేశారు, పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే వేశారు కాబట్టి ఇల్లు ఒక మెట్టు పల్లంలో పడింది. మరుసటేడు తూర్పు పక్క ఖాళీ స్థలం కొన్నాయన గ్రావెల్ తోలి రెండడుగులు మెరక చేసి ఇల్లు లేపాడు. రెండిళ్ళ మధ్య ఒక మనిషి పక్కకి తిరిగి నడిస్తే తప్ప పట్టని సందు మిగిలింది.

2021 నవంబర్లో పెన్న పొంగినప్పుడు మొదటిసారి వెనక గదిలోకి నీళ్ళొచ్చాయంట, అప్పుడు చాలా కాలనీల్లో అదే పరిస్థితి కదా అని ఊరుకున్నారు. 2023 డిసెంబర్లో మిచాంగ్ తుఫానుకి మళ్ళీ వచ్చాయి. ఇప్పుడు తుఫానే అక్కర్లేదు, రెండు రోజులు ముసురు పట్టినా చాలు. ఆవిడ మాటల్లోనే: "వాన పడేటప్పుడు గదిలో చుక్క ఉండదండీ, తగ్గి రెండు గంటలయ్యాక మంచం కింద మూలలో తడి మొదలవుద్ది, తెల్లారేసరికి గదంతా అరికాలు తడిసేంత. సీలింగు మీద ఒక్క మరక లేదు. గోడ మాత్రం మోకాలి ఎత్తు దాకా తెల్లగా పొడి రాలతా ఉంటది, అది ఎండాకాలంలో కూడా. పుట్టీ పెట్టించి పెయింట్ వేయించాం, పెచ్చులు ఊడినాయి, మళ్ళీ వేయించాం, మళ్ళీ ఊడినాయి. అత్తయ్య ట్రంకు పెట్టె అడుగంతా తుప్పు పట్టి, అందులో ఉన్న పారిఖత్తు కాయితాలు అంచుల్లో తడిసి ఒకదానికొకటి అంటుకుపోయినాయి."

మిద్దె మీద వాన నీళ్ళ పైపు ఆ మూల దగ్గరే సందులోకి దిగి, నేలకి అడుగు ఎత్తులో తెరిచి వదిలేసి ఉంది. ఈవిడ అదే కారణం అంటారు. బావగారు "ముప్పై ఏళ్ళ నుంచి ఆ పైపు ఆడనే ఉంది, ఎప్పుడన్నా నీళ్ళొచ్చినాయా, మీకు కింద నుంచి ఊరతన్నాయి, పైనున్నోళ్ళం మేమేం చేస్తాం" అంటారు. దసరా అప్పుడు మాటా మాటా పెరిగి తోడికోడలు మాట్లాడటం మానేసింది. బేల్దారి మేస్త్రి ఫ్లోరు ఆరంగుళాలు లేపేద్దాం అంటాడు. వాటర్‌ప్రూఫింగ్ కంపెనీ అబ్బాయి గోడకి బెజ్జాలు పెట్టి మందు ఎక్కిస్తాం, పదేళ్ళ గ్యారంటీ అంటాడు. శ్రీసిటీలో పని చేస్తూ ఆదివారాలు ఇంటికొచ్చే భర్తేమో మన వాటా అమ్మేసి అద్దెకి పోదాం అంటున్నాడు. ఆయాసం ఉన్న అత్తగారు ఆ గదిలోనే పడుకుంటారు, మామయ్య పోయింది ఆ గదిలోనే కాబట్టి కదలనంటారు. ఎవరి మాట వినాలి, బావగారిని ఖర్చు అడగొచ్చా, అమ్ముకోవడం మంచిదేనా అని ఆవిడ ప్రశ్న.

అమ్మా, మీ ఉత్తరం నిదానంగా చదివాను. అందులో నాకు కనపడిందేంటంటే, మేస్త్రీ, కంపెనీ అబ్బాయీ, బావగారూ, మీరూ అందరూ గది లోపల నిలబడి లోపలి గోడ చూసే మాట్లాడారు. వాన పడేటప్పుడు ఆ సందులోకి వెళ్ళి నీళ్ళు ఏ దారిన పోతున్నాయో చూసినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. డబ్బు ఎవరు పెట్టాలనే దగ్గర ఇల్లంతా ఆగిపోయింది, కానీ నీటి దారి తెలియకుండా ఆ లెక్క తేలదు, తెలిస్తే సగం గొడవ అక్కడే పోతుంది. అందుకని ముందు నీటి దారి సంగతి, తర్వాత మరమ్మతు, ఆఖర్న బావగారితో మాట.

అంతకంటే ముందు ఈరోజే చెయ్యాల్సినవి రెండున్నాయి. ఆ గదిలో ప్లగ్ పాయింట్ నేలకి అడుగు ఎత్తులో ఉందని, ఇన్వర్టర్ బ్యాటరీ కూడా అక్కడే నేల మీద ఉందని మధ్యలో ఒక లైను రాసి వదిలేశారు, నన్ను బాగా భయపెట్టింది ఆ లైనే. తడి గోడలో వైరుండటమంటే గోడకే కరెంటు రావచ్చు, నేల మీద నీళ్ళుండగా ఒట్టి కాళ్ళతో ఆ గోడ తాకితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఎలక్ట్రీషియన్ని పిలిచి ఆ గది కింది పాయింట్లకి సప్లై తీసేయించండి, తర్వాత వీలు చూసుకొని నాలుగడుగుల ఎత్తుకి మార్చొచ్చు. మెయిన్ బోర్డులో ఎంసీబీలు ఉన్నాయి కదా అనుకోవద్దు, అవి లోడు ఎక్కువైనా షార్ట్ అయినా పడిపోతాయి గానీ మనిషికి షాక్ కొడితే పడవు, దానికి 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్చి, విడిగా పెట్టించుకోవాలి. బ్యాటరీని ఇనప స్టాండు మీదకి ఎక్కించి వేరే గదిలోకి మార్చండి. ఎప్పుడన్నా బోర్డు దాకా నీళ్ళల్లో నడిచి వెళ్ళాల్సొస్తే వెళ్ళొద్దు, కరెంటు ఆఫీసు నంబరు 1912కి ఫోన్ చేసి పోల్ దగ్గరే ఆపించండి.

రెండోది అత్తగారు. చెమ్మ గోడకి బూజు పడుతుంది, ఆ బూజు గాలి ఆయాసం ఉన్నవాళ్ళకి అస్సలు పడదు, రాత్రంతా అందులోనే ఊపిరి పీలుస్తున్నారు ఆవిడ. ఒకసారి డాక్టరుకి చూపించేటప్పుడు ఈ గది సంగతి కూడా చెప్పండి, చాలామంది చెప్పరు. గది ఖాళీ చెయ్యమంటే ఆవిడ కదలరు, ఆ మాట అనొద్దు కూడా. గది బాగయ్యిందాకా ముందు హాల్లో పడుకో అత్తయ్యా, మామయ్య ఫోటో, నీ మంచం రెండూ తెస్తాం, సంక్రాంతి అయ్యాక పని మొదలుపెట్టి ఎండాకాలం పోయాక నీ గది నీకు బాగుచేసి ఇస్తాం అనండి. ఆ మాట మీ వారు అంటే ఇంకా మంచిది, కొడుకు నోటి మాట వేరు. ట్రంకు పెట్టెలో కాయితాలు మాత్రం గోళ్ళతో లాగి విడదీయొద్దు, ఫ్యాను గాలికి నీడన ఆరనివ్వండి. రిజిస్టరైన దస్తావేజు అయితే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ దొరుకుతుంది, అదొకటి తెచ్చి పెట్టుకోండి, కింద చెప్పబోయే వాటికి అవసరం పడుతుంది.

ఇప్పుడు నీళ్ళ సంగతి. మీరే చాలా ఆధారాలు రాశారు, తెలియకుండానే. సీలింగు మీద మరక లేదన్నారు, అంటే పై బాత్రూమో, పై ఫ్లోరో కారుతోందనే అనుమానం తీసేయొచ్చు, ఆ విషయంలో తోడికోడలితో ఏమన్నా మాట జారి ఉంటే అది వెనక్కి తీసుకోవడానికి ఇది మంచి కారణం. వాన పడేటప్పుడు కాకుండా తగ్గిన రెండు గంటలకి వస్తోందన్నారు, ఇది చాలా ముఖ్యం. గోడ పగుల్లోంచో కిటికీ సజ్జా దగ్గరనుంచో వచ్చే నీళ్ళయితే వాన పడుతుండగానే కారతాయి. ఆలస్యంగా వస్తున్నాయంటే బయట ఎక్కడో నిలబడి, మట్టిలోకి దిగి, రాతి పునాది సందుల్లోంచి మీ బేస్‌మట్టంలో పోసిన ఇసకలోకి చేరి, ఆ ఇసక నిండాక ఫ్లోరుకీ గోడకీ మధ్య అతుకులోంచి పైకి వస్తున్నాయి. వీధి నీళ్ళు గేటు దాకా వస్తాయి గానీ గడప దాటవు అని కూడా రాశారు కాబట్టి ముందు నుంచి కాదు. మిగిలింది సందే.

అక్కడ పడే నీళ్ళెన్నో ఒకసారి లెక్కేసి చూడండి. మీ మిద్దె వెయ్యి చదరపు అడుగులు అనుకుంటే ఒక్క సెంటీమీటరు వానకి తొమ్మిది వందల లీటర్ల పైన నీళ్ళు. మన జిల్లాకి నైరుతి కంటే ఈశాన్య రుతుపవనాల్లోనే వాన ఎక్కువ, అక్టోబర్ నుంచి డిసెంబర్ లోపల వాయుగుండం పడితే ఒక్క రోజులో పది సెంటీమీటర్లు కొట్టడం మనకి వింతేమీ కాదు, అలాంటి రోజు మిద్దె మీద నుంచి తొమ్మిది వేల లీటర్లు దిగుతాయి. మిద్దెకి రెండు తూములుంటే అందులో సగం, ఒకటే ఉంటే మొత్తం, మీ అత్తగారి మంచానికి అవతల గోడ పాదం దగ్గరే పోస్తున్నారన్నమాట. దానికి తోడు పక్కాయన మెరక స్థలం నుంచి జారేది.

మరి బావగారు అడిగిన ప్రశ్న? ముప్పై ఏళ్ళుగా రానిది ఇప్పుడెందుకొస్తోంది అని. అది మంచి ప్రశ్నమ్మా, దాన్ని కొట్టిపారేయొద్దు, జవాబు దాంట్లోనే ఉంది. ఇన్నేళ్ళూ ఆ పైపు నీళ్ళు సందులో పడి వాలుగా వీధిలోకి పోయేవి, కొన్ని పక్క ఖాళీ స్థలంలోకి పోయి ఇంకేవి. 2019లో రోడ్డు లేచాక వీధి వైపు దారి మూసుకుంది, తర్వాత పక్క స్థలం లేచాక ఆ వైపు దారి కూడా మూసుకుంది. పైపు మారలేదు, నీళ్ళు మారలేదు, పోయే దారి పోయింది. కాబట్టి కింద నుంచి ఊరుతున్నాయి అని బావగారు అన్నది నిజం, మిద్దె నీళ్ళే అని మీరన్నదీ నిజం, ఇద్దరూ ఒకే నీళ్ళ గురించే మాట్లాడుకుంటా పోట్లాడుకుంటున్నారు.

ఎండాకాలంలో కూడా రాలే తెల్ల పొడి సంగతి వేరు, అది ఇంకో జబ్బు. ఇటుక గోడ నేలలో తడిని దీపం ఒత్తి నూనె పీల్చినట్టు పైకి పీలుస్తుంది, మామూలుగా మూడడుగుల దాకా ఎక్కుతుంది. దాన్ని ఆపడానికే బేస్‌మట్టం మీద డీపీసీ అని ఒక వరస వేస్తారు, మీ ఇంటికి అది వేసి ఉండకపోవచ్చు, లేదా అక్కడక్కడా పగిలి ఉండొచ్చు. ఆ తడితో పాటు మట్టిలో ఉప్పు కూడా ఎక్కి, నీళ్ళు ఆరిపోయాక ఉప్పు గట్టిపడి పెయింటునీ పూతనీ బయటికి తోస్తుంది, పెచ్చులూడేది అందుకే. ఒకసారి ఉప్పెక్కిన పూత గాల్లో తేమని కూడా లాగుతుంది కాబట్టి వాన లేని రోజు కూడా తడిగానే ఉంటుంది. దాని మీద ఎంత ఖరీదైన పుట్టీ పెట్టినా నిలవదు, మీ పెయింటరు తప్పేమీ లేదు.

ఇదంతా మీ ఉత్తరం చదివి నేను ఊహించింది, మీరు కళ్ళతో చూసి ఖాయం చేసుకోవాలి. మూడు నాలుగు రోజులు పొడిగా ఉన్నప్పుడు మోటారు పైపు తీసుకెళ్ళి సందులో ఆ మూల దగ్గర ఒక గంట నీళ్ళు వదలండి, వాన లేకుండానే గదిలో రెండు మూడు గంటలకి తడి వచ్చిందంటే సందేహం ఏమీ లేదు. ఇంకో రోజు మిద్దె మీద తూములో నాలుగు బిందెల నీళ్ళు, అందులో కాస్త బట్టల నీలం కలిపి పొయ్యండి, కింద పైపు చివర టబ్బు పెట్టండి. పోసినన్నీ టబ్బులోకి వచ్చాయా, బాగా తగ్గాయా చూడండి, తగ్గితే పైపు అతుకు మధ్యలో ఎక్కడో విడిచి గోడలోకి పోతున్నట్టు, గోడ మీద నీలం మరక కూడా కనపడొచ్చు. అడుగున్నర ప్లాస్టిక్ కాయితం ముక్క ఒకటి మోకాలి ఎత్తులో గోడకి నాలుగు వైపులా టేపుతో అంటించి రెండు రోజులుంచండి, కాయితం వెనక చెమట పడితే గోడలో తడి, ముందు వైపు పడితే గదిలో గాలి తేమ. ఇంకొకటి కూడా తోసిపుచ్చాలి, రాత్రి ట్యాంకు నింపి అన్ని కుళాయిలూ కట్టేసి పొద్దున మట్టం చూడండి, తగ్గి ఉంటే ఎక్కడో మంచినీళ్ళ పైపు కారుతున్నట్టు, అప్పుడు కథ వేరే.

ఈ పరీక్షలు బావగారు ఇంట్లో ఉన్నప్పుడు చెయ్యండి, ఒక్కరే చేసి వీడియో తీసి పంపితే అది సాక్ష్యం పోగేసినట్టు ఉంటుంది. సందులో నీళ్ళు వదలడం, మిద్దె తూములో నీళ్ళు పొయ్యడం రెండూ ఆయన్నే చెయ్యమనండి, మీరు కింద టబ్బు దగ్గర ఉండండి. తన చేత్తో సందులో వదిలిన నీళ్ళు తమ్ముడి గదిలో తేలడం చూసిన మనిషి మాకేం సంబంధం అనడం కష్టం. ఒకవేళ తేలకపోతే, ఆయన చెప్పిందే కరెక్టని మీరూ ఒప్పుకోవాలి, దానికి సిద్ధంగా ఉంటేనే ఈ పని పెట్టుకోండి.

ఇప్పుడు ఏం చెయ్యొచ్చు అనేది. అన్నిటికంటే తక్కువ ఖర్చు, ఈ సీజన్లోనే అయ్యేది, పైపు కొనకి ఎల్బో వేసి సందు వెంబడి పీవీసీ పైపు ముందు వీధి కాలవ దాకా లాగడం. ప్లంబర్ ఒక్కపూట పని. పైపు నాలుగంగుళాలది వేయించండి, సన్నది వేస్తే వేపాకులు పడి ఇరుక్కుంటుంది, మిద్దె తూము దగ్గర జాలీ తప్పనిసరి. వీధి కాలవ మట్టం మీ సందు కంటే ఎత్తులో ఉందా లేదా ముందు చూసుకోవాలి. ఎత్తులో ఉంటే పైపుని నేల మీద కాకుండా గోడకి క్లాంపులు కొట్టి మొదట్లో ఎక్కువ ఎత్తులో పెట్టి వాలు ఇవ్వాలి, మిద్దె నుంచి దిగే నీళ్ళు కాబట్టి అది కుదురుతుంది. దీనితో మిద్దె నీళ్ళ గొడవ తీరుతుంది, సందులో నేరుగా పడే వాన, పక్కాయన వైపు నుంచి వచ్చేది మాత్రం ఉంటుంది.

దాన్ని కూడా ఆపాలంటే వేసవిలో సందు మొత్తం శుభ్రం చేసి, పక్కిల్లు కట్టేటప్పుడు పడిన సిమెంటు పెళ్ళలూ ఇటుక ముక్కలూ ఎత్తించి, మీ గోడ వైపు ఎత్తు ఉండేలా కాంక్రీటు వాలు పోయించాలి, గోడ పాదానికి బయట నుంచి రెండడుగుల ఎత్తున వాటర్‌ప్రూఫ్ కలిపిన సిమెంటు పూత వేయించాలి. సందు చివర నీళ్ళు వీధిలోకి ఎక్కకపోతే చిన్న గుంత కట్టి మోటారు పెట్టడం తప్ప దారి లేదు, అది వాన రోజు కరెంటు పోతే పని చెయ్యదని ముందే తెలుసుకొని పెట్టుకోండి. ఎవరన్నా ఆ మూలలో ఇంకుడు గుంత తవ్వించమని చెప్తే వద్దు. ఇంకుడు గుంత మంచిదే కానీ పునాది పక్కన కాదు, పైగా కాలవ దగ్గర ఇళ్ళకి నవంబర్ వచ్చేసరికి భూమిలో నీళ్ళు పైకే ఉంటాయి, గుంతలో పోసినవి ఇంకవు.

మేస్త్రి చెప్పిన ఫ్లోరు లేపే పని తప్పని నేను అనను. నేల మీద నీళ్ళు కనపడకుండా పోతాయి, అది నిజం. కానీ బయట నీళ్ళు అలాగే నిలుస్తుంటే గోడ ఇంకా పీలుస్తుంది, కొత్త ఫ్లోరు మీద మళ్ళీ మోకాలి ఎత్తుకి తెల్ల పొడి మొదలవుతుంది. తలుపు అడుగు కొయ్యాలి, గుమ్మం దగ్గర మెట్టొస్తుంది, ఆ గదిలో తిరిగేది అత్తగారు, రాత్రి పూట బాత్రూముకి లేచినప్పుడు ఆ ఆరంగుళాల మెట్టు ఆవిడకి ప్రమాదం. చెయ్యాల్సే వస్తే బయట పని అయ్యాక, ఇల్లంతా ఒకే మట్టానికి లేపగలిగినప్పుడు చెయ్యండి. ఇంకా కొందరు గోడకి నాలుగడుగులు టైల్స్ అంటించెయ్యండి, కనపడదు అంటారు, కనపడదు గానీ లోపల తడికి బయటికి పోయే చోటు లేక టైల్స్ దాటి ఆ పై గోడలో తేలుతుంది, దాని జోలికి పోవద్దు.

కంపెనీ అబ్బాయి చెప్పిన మందు పనికొచ్చేదే, అయితే అది ఒత్తిలా ఎగబాకే తడికి మాత్రమే. ఇటుకల మధ్య సిమెంటు వరసలో వరుసగా బెజ్జాలు వేసి మందు ఎక్కిస్తారు, అది గోడలో అడ్డు పొరలా పని చేస్తుంది. బయట నిలబడి తోసుకొచ్చే నీళ్ళని అది ఆపదు. కాబట్టి ముందు మందు, తర్వాత పైపు అనుకుంటే ఆ డబ్బు వృధా, ముందు నీళ్ళు మళ్ళించి ఒక వానాకాలం చూసి, తెల్ల పొడి ఇంకా ఎక్కుతుంటే అప్పుడు చేయించుకోవచ్చు. పదేళ్ళ గ్యారంటీ అన్నాడు కదా, ఏది తిరిగొస్తే గ్యారంటీ వర్తిస్తుంది, పూత కూడా వాళ్ళే మళ్ళీ వేస్తారా, నేల నుంచి వచ్చే నీళ్ళు అందులో ఉన్నాయా అని కాయితం మీద రాసివ్వమనండి. రాసిస్తానంటే మాట్లాడండి.

ఏ దారి పట్టినా లోపలి గోడకి ఒక పని ఉంది. మరక ఎక్కడి దాకా ఉందో దానికి ఇంకో అడుగు పైదాకా పాత పూత కొట్టించేసి ఇటుకలు కనపడేలా వదిలెయ్యండి, చూడ్డానికి బాగోకపోయినా వదిలెయ్యండి. తొమ్మిదంగుళాల గోడ లోపల దాకా ఆరడానికి నెలలు పడుతుంది. రోజూ పైకొచ్చిన ఉప్పుని పొడి బ్రష్షుతో దులిపి ఎత్తి పారెయ్యాలి, నీళ్ళతో కడిగితే మళ్ళీ లోపలికే పోతుంది. సంక్రాంతి అయ్యాక కొట్టించి, రోహిణి కార్తె ఎండలు కూడా తిననిచ్చి, ఆ తర్వాత పూత వేయించండి. పుట్టీ, ప్లాస్టిక్ పెయింట్ ఈ గదికి వద్దు, సున్నం వేయండి, సున్నం తడిని బయటికి పోనిస్తుంది, బూజు పట్టడం తగ్గిస్తుంది, ఖర్చు కూడా తక్కువే. పెళ్ళిళ్ళ సీజనో, చుట్టాలొస్తున్నారనో తొందరపడి మార్చిలోనే పెయింట్ కొట్టించారంటే మూడోసారీ ఊడుతుంది.

వార్డు సచివాలయంలో ఒక అర్జీ ఇవ్వండి, మీ వీధి కాలవలో పూడిక తీయమని, అర్జీకి రసీదు తీసుకోండి. కదలకపోతే సోమవారం కలెక్టరేట్లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వొచ్చు. పూడిక తీయడం వరకు ఆశ పెట్టుకోవచ్చు, రోడ్డు మళ్ళీ కిందకి దించుతారని మాత్రం ఎదురుచూడొద్దు. ఈసారి రోడ్డు వేసేటప్పుడు పాతది గీకి వెయ్యమని వీధి వాళ్ళందరూ కలిసి ముందే అడగాలి, మీ ఒక్క ఇల్లే పల్లంలో పడి ఉండదు కదా.

పక్కాయనతో కూడా ఒక మాట ఉంది. ఆయన మిద్దె పైపు కూడా సందులోకే ఉందా చూడండి, ఉంటే మీతో పాటు ఆయన్నీ వీధి వైపు లాగమనండి, ప్లంబర్ ఎటూ వస్తాడు కాబట్టి ఆయనకీ కలిసొస్తుంది. ఆయన నా స్థలం మెరక, నీళ్ళు పల్లానికి పోతాయి అనొచ్చు. 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టంలో మెరక స్థలం మీద పడ్డ నీళ్ళు పల్లపు స్థలంలోకి పారే హక్కు ఉన్నమాట నిజమే, కానీ అది సహజంగా పారే నీళ్ళకి రాసిన మాట, గ్రావెల్ తోలి లేపి పైపు పెట్టి పక్కవాళ్ళ గోడ మీదకి వదలడం వేరే సంగతి. చట్టం మాట మొదటి రోజే తీయొద్దు, తీస్తే రేపు సందులో కాంక్రీటు పోసుకోవడానికి ఆయన వైపు నిలబడాల్సొస్తే ఒప్పుకోడు.

ఇక బావగారి సంగతి. ముందు పారిఖత్తు కాపీలో మిద్దె, వాన నీళ్ళ పైపులు, సందు ఎవరి వాటాలో రాశారో, ఉమ్మడి అని రాశారో చదవండి. ఉమ్మడి అని ఉంటే సగం సగం అడగడానికి మొహమాటం అక్కర్లేదు. మిద్దె ఆయనదని ఉంటే పైపు పొడిగించే ఖర్చు ఆయన్ని అడగొచ్చు, సందులో కాంక్రీటు, గోడ పూత మీరు పెట్టుకోవడం న్యాయంగా ఉంటుంది. అసలేం రాయకపోతే, చాలా పారిఖత్తుల్లో రాయరు, అప్పుడు ఎంత అడగాలన్నది మీ ఇష్టం. మొత్తం మీరే పెట్టుకుంటామనే దారి కూడా ఉంది. పని వెంటనే అయిపోతుంది, అత్తగారికి ఈ నెలలోనే ఊరట, కానీ ఆ మంట మీలో మిగిలిపోతుందేమో మీరే చూసుకోవాలి, పైగా ఆ పైపుకి రేపు ఏ రిపేరొచ్చినా మీ మీదే పడటం అలవాటైపోతుంది. సగం అడిగితే నెలో రెండు నెలలో ఆలస్యం కావచ్చు, కానీ అది ఇద్దరి పైపు అవుతుంది. నాకైతే పైపు వరకు సగం అడిగి, మిగతాది మీరు పెట్టుకోవడం బాగుందనిపిస్తోంది, ఎందుకంటే పైపు చిన్న ఖర్చు, చిన్న మొత్తానికి మనిషి సరే అనడం సులువు, ఒకసారి సరే అన్న మనిషి సందు పనికి అడ్డు చెప్పడు.

ఈ మాట మీరు కాకుండా మీ వారు మాట్లాడాలి, ఆదివారం, ఫోన్లో కాదు. "అన్నా, అమ్మ గది బాగుచేద్దాం, ఒకసారి సందులోకి రా" అని మొదలుపెడితే చాలు, దసరా నాటి మాటలు ఎత్తొద్దు. అత్తగారిని మధ్యలో కూర్చోబెట్టి నీ పెద్ద కొడుకు చూడు అనిపించొద్దు, ఆవిడకి ఇద్దరూ కొడుకులే. మీ తోడికోడలి విషయం మాత్రం మీ చేతిలోనే ఉంది. పై బాత్రూం కారుతోందని మీరు అని ఉంటే, అది కాదని సీలింగు చెప్తోంది, "అక్కా, నేనన్నది తప్పు, అది మీ బాత్రూం కాదు" అని వెళ్ళి చెప్పండి. అనకపోయి ఉంటే పరీక్ష రోజు ఒక కాఫీ పెట్టి పైకి పంపండి, ముందు పిల్లల చేత పలకరించినా పర్లేదు. పరీక్ష చూశాక కూడా బావగారు కాదంటే మీ రెండు కుటుంబాలకీ కావాల్సిన పెద్దమనిషిని ఒకర్ని పిలిచి సందు చూపించండి, నోటీసులూ కోర్టులూ అనేది ఆ తర్వాత ఎప్పుడో, ఒకే మెట్లు ఎక్కి దిగే ఇంట్లో నోటీసు ఇచ్చాక వెనక్కి రావడం చాలా కష్టం.

మీ వారు అమ్మేద్దాం అన్నది కోపంతో అన్న మాటో, నిజంగా ఆలోచించిందో నాకు తెలియట్లేదు. నిజంగానే అయితే దానికీ లెక్క ఉంది. నెమ్మెక్కిన గోడ చూసి కొనేవాడు రేటు బాగా తగ్గిస్తాడు, కింద పోర్షన్ మాత్రమే అమ్మకమంటే కొనేవాళ్ళు ఎటూ తక్కువ, చివరికి బావగారే తక్కువకి అడిగే పరిస్థితి వస్తుంది, అప్పుడు ఈ గొడవ ఇంకా పెద్దదవుతుంది. అమ్మాలనుకున్నా ముందు పైపు మళ్ళించి, గోడ ఆరబెట్టి, వచ్చే ఏడు నవంబర్లో ఒక వాయుగుండం దాటించి, అప్పుడు అమ్మితే న్యాయమైన ధర వస్తుంది, కొనేవాళ్ళకి దాచిపెట్టాల్సింది కూడా ఏమీ ఉండదు. ఆలోపు అత్తగారికి ఇల్లు మారడం ఇష్టమో కాదో కూడా తేలుతుంది. అప్పటికీ మీ వారికి శ్రీసిటీ దగ్గర్లో ఉండాలనిపిస్తే వెళ్ళండి, అది ఉద్యోగం కోసం వెళ్ళినట్టు ఉంటుంది. ప్లంబర్ని మాత్రం ఈ వారంలోనే పిలవండి, డిసెంబర్ ఇంకా అయిపోలేదు.